శిక్షణ చివర సేకరించవలసినవి పొగడ్తలు కావు

ఆశా కార్యకర్తల శిక్షణ చివరి అరగంట చాలాచోట్ల ఒకే తీరుగా గడుస్తుంది. అభిప్రాయ పత్రాలు పంచుతారు. శిక్షణ ఎలా ఉంది? చాలా బాగుంది. బోధన? చక్కగా అర్థమయింది. భోజనం? అదీ బాగుంది. కింద పేరు, ఊరు, సంతకం. పక్క బల్లమీద దారిఖర్చుల రిజిస్టరు తెరిచి ఉంటుంది, బయట చివరి బస్సు వేళవుతూ ఉంటుంది. ఎదుట పై అధికారి కూర్చొని ఉండగా, పేరు రాసి మరీ, ఎవరు నిజం చెబుతారు? దీనిని అభిప్రాయ సేకరణ అనడం ఆ మాటకే అవమానం.

ఇది ఉత్త కాగితాల తతంగమే కదా అని ఊరుకోవడానికి వీలులేదు. ఆసుపత్రిలో కాన్పయిన తల్లి ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజులలో వెళ్ళి బిడ్డను చూడాలి. బరువు తూచాలి, జ్వరం చూడాలి, శ్వాస లెక్కించాలి. పసిబిడ్డ శ్వాస ఒక క్రమంలో ఉండదు. కాసేపు వడిగా సాగి, క్షణకాలం ఆగి, మళ్ళీ సాగుతుంది. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేస్తే తప్పు సంఖ్య వస్తుంది. నిండా ఒక నిమిషం లెక్కించాలి. 60 లేక అంతకు పైన ఉంటే మరోసారి లెక్కించాలి. అప్పుడూ అంతే ఉంటే ఆలస్యం చేయక ఆసుపత్రికి పంపాలి. ఈ లెక్క పట్టుబడని కార్యకర్త కూడా ఆ పత్రంలో ‘చాలా బాగుంది’ అనే రాసి వెళ్ళింది. ఆ ఊరి బిడ్డకు ఆ ప్రశంస దేనికి పనికివస్తుంది?

శిక్షణల మూల్యాంకనానికి డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లోనే నాలుగు అంచెలు చెప్పాడు: స్పందన, నేర్చినది, ఆచరణ, ఫలితం. మనవారు మొదటి మెట్టుమీదనే చతికిలబడి దానినే శిఖరమనుకుంటున్నారు.

దారిఖర్చులు ముందే ఇచ్చివేయండి. సంతకం అడగకండి. బోధకుడు గది విడిచి వెళ్ళాలి. రాయడం కష్టమైనవారి మాటలను తోటి కార్యకర్త రాసుకోవాలి. అడగవలసిన ప్రశ్న ఒక్కటే: “రేపు బిడ్డ ఉన్న ఇంటికి వెళితే మీరు చేయలేని పని ఏది?” అప్పుడు బయటపడతాయి అసలు సంగతులు. త్రాసు పాడైంది. గడియారం ముల్లునూ బిడ్డ పొట్టనూ ఒకేసారి చూడడం రావడం లేదు. పురుటిమైల తీరేదాకా అత్తగారు గడప దాటనివ్వదు. మూడవ రోజు, ఏడవ రోజు సందర్శనలు రెండూ ఆ మైల దినాలలోనే పడతాయన్న ఆలోచన పాఠం తయారుచేసినవారికి వచ్చిందా?

ఇలా అడిగితే బోధకులు నొచ్చుకుంటారని కొందరు అధికారుల భయం. నొచ్చుకోనివ్వండి. జవాబులను బీరువాలో దాచక వచ్చే నెల సమావేశంలో మొదట వాటినే చదవాలి. ఎవరి పేరూ ఎత్తకుండా, తల్లి అనుమతితో ఒక పసిబిడ్డ పక్కన అందరినీ వంతులవారీగా కూర్చోబెట్టి, శ్వాస మళ్ళీ లెక్కింపజేయాలి.