మంటల్లోకి తిరిగి వెళ్లినవాడు

పాతకాలపు యుద్ధనౌకలో రెండు లోకాలుండేవి. పైన డెక్కు మీద తెల్లటి యూనిఫాంలో అధికారులు. అడుగున బాయిలర్ గదుల్లో మసి పట్టిన ఒళ్లతో పారలు పట్టుకుని బొగ్గు ఎగదోసే కుర్రాళ్లు. వాళ్లని ఫైర్‌మెన్ అనేవాళ్లు. పేరు విని మంటలార్పేవాళ్లు అనుకునేరు... రాజేసేవాళ్లు!

1915 జనవరి 21న అమెరికా నౌకాదళానికి చెందిన యూఎస్ఎస్ శాన్‌డియాగో మెక్సికో పక్కనున్న కాలిఫోర్నియా సింధుశాఖలో వెళుతోంది. ఉన్నట్టుండి రెండో నంబరు గదిలో బాయిలర్ గొట్టాలు పేలాయి. ఆ ధాటికి బయటపడ్డవాళ్లలో టెలెస్ఫోరో ట్రినిడాడ్ ఒకడు. వయసు 24 ఏళ్లు. ప్రాణం దక్కింది, అదే పదివేలు అనుకుని నిచ్చెనెక్కేస్తే ఎవరూ తప్పు పట్టేవాళ్లు కాదు. కానీ అతను వెంటనే వెనక్కి వెళ్లాడు. లోపల డేలీ అనే తోటి ఫైర్‌మన్ గాయాలతో కనిపించాడు. అతన్ని ఎత్తుకుని నాలుగో గదిలోకి వస్తుండగానే మూడో గదిలో మరో పేలుడు! ఆ సెగకి ట్రినిడాడ్ మొహం కాలింది. అయినా డేలీని పక్కవాళ్లకి అందించి, మూడో గదిలో చిక్కుకున్న ఇంకొకరిని బయటికి తేవడానికి వెళ్లాడు.

ఆ సాహసానికి అదే ఏడాది 'మెడల్ ఆఫ్ ఆనర్' ఇచ్చారు. దాంతోపాటు 100 డాలర్ల బహుమతి. అమెరికాలో సైనికుడికిచ్చే అత్యున్నత పతకమది. ఇప్పుడంటే యుద్ధంలో చూపిన సాహసానికే ఇస్తున్నారు కానీ, నౌకాదళంలో అప్పట్లో శాంతికాలంలోనూ ఇచ్చేవాళ్లు. ఆ దళంలో ఈ పతకం అందుకున్న ఫిలిప్పినో మాత్రం ఇప్పటికీ ఆయనొక్కడే.

ట్రినిడాడ్ పుట్టింది 1890లో, ఫిలిప్పీన్స్‌లోని పనాయ్ దీవిలో. ఊరి పేరు న్యూ వాషింగ్టన్... ఆ పేరులోనే ఉంది, ఆ దేశాన్ని ఎవరు ఏలారో! స్పెయిన్ చేతుల్లోంచి దీవులు అమెరికా చేతికి వచ్చాక, 1901లో అధ్యక్షుడు మెకిన్లీ 500 మంది ఫిలిప్పినోలను నౌకాదళంలో చేర్చుకోవచ్చని ఉత్తర్వు ఇచ్చారు. ఆ దారిలోనే 1910లో ట్రినిడాడ్ కూడా చేరారు. 1945 దాకా, రెండు ప్రపంచ యుద్ధాలూ చూస్తూ సర్వీసులో ఉన్నారు. ఆయన మనుషుల్ని మోసుకొచ్చిన ఓడకి మాత్రం అంత ఆయుష్షు లేదు. 1918లో న్యూయార్క్ దగ్గర మునిగిపోయింది.

కథ ఇక్కడితో ఆగితే బాగుండేది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత నౌకాదళం ఫిలిప్పినోలకు చాలా పనుల తలుపులు మూసేసింది. మిగిలింది వంటగది. అధికారులకు వండి వడ్డించడం, పక్కలు సర్దడం, బూట్లు మెరిపించడం... స్టీవర్డు ఉద్యోగమంటే ఇదీ! మంటల్లోకి వెళ్లినవాడికి పతకమిచ్చిన దళమే, అతని వెనకొచ్చినవాళ్ల చేతిలో పళ్లెం పెట్టింది.

ఫిలిప్పీన్స్‌కి 1946లో స్వాతంత్ర్యం వచ్చినా ఇది మారలేదు. మరుసటేడు కుదిరిన సైనిక స్థావరాల ఒప్పందంతో అక్కడి పౌరులను చేర్చుకోవడం కొనసాగింది. కవీటేలోని సాంగ్లీ పాయింట్ దగ్గర కుర్రాళ్లు బారులు తీరేవాళ్లు. కాలేజీ చదువులు చదివినవాళ్లూ ఉండేవాళ్లు. డాలర్లలో జీతం, ఇంటికి డబ్బు పంపే వీలు, రేపెప్పుడో అమెరికా పౌరసత్వం... వీటి ముందు బూటు పాలిష్ ఎంత? 1970 నాటికి అమెరికా నౌకాదళంలో దాదాపు 14 వేల మంది ఫిలిప్పినోలు ఉన్నారు. వాళ్ల సొంత దేశపు నౌకాదళంలోనే అంతమంది లేరు! ఎక్కువమందిది స్టీవర్డు పనే. శ్వేతసౌధంలో అధ్యక్షుల భోజనాల దగ్గరా వాళ్లే నిలబడ్డారు. ఇతర ఉద్యోగాల తలుపులు తెరుచుకున్నది 1970లలోనే.

ఓడలో ఎవరికో 'బాయ్' అయిన మనిషి ఇంట్లో కుటుంబ పెద్ద. నెలల తరబడి సముద్రం మీదుంటే, ఇంటిని భార్య ఒంటిచేత్తో లాక్కొచ్చేది. శాన్‌డియాగో, వలేహో, వర్జీనియా బీచ్ లాంటి నౌకాదళ పట్టణాల్లో వాళ్ల పేటలు వెలిశాయి. 1965లో వలస చట్టం మారాక తమ్ముళ్లనీ, చెల్లెళ్లనీ, తల్లిదండ్రులనీ ఒక్కొక్కరిగా పిలిపించుకున్నారు. తండ్రి పళ్లేలు మోసిన దళంలోనే అధికారులైన పిల్లలూ ఉన్నారు. వలసంటే వీసా కాగితం అనుకుంటాం. అది చాలా ఇళ్లలో ఒక మనిషి నడుంనొప్పి.

ట్రినిడాడ్ అమెరికాలో స్థిరపడలేదు. 1968లో కవీటే రాష్ట్రంలోని ఇముస్ పట్టణంలో, 77 ఏళ్ల వయసులో కన్నుమూశారు. పతకం వచ్చిందన్న సంగతి కూడా చాలాకాలం ఎక్కువమందికి తెలీదు. ఫిలిప్పినో అమెరికన్లు, మాజీ నావికులు పట్టుబట్టి ఆయన పేరు ఒక ఓడకి పెట్టాలని అడిగారు. 2022 మేలో నౌకాదళం ఒప్పుకుంది. కొత్త డిస్ట్రాయర్ పేరు యూఎస్ఎస్ టెలెస్ఫోరో ట్రినిడాడ్.

అది గ్యాస్ టర్బైన్లతో నడిచే రకం. అందులో బొగ్గు గదీ, పార పట్టుకునే ఫైర్‌మనూ ఉండరు.