పెరటి తొట్టిలో చేప, మడిలో కూర

మన పూర్వపు గృహములలో వ్యర్థమని పారవేయునది మిక్కిలి తక్కువ. బియ్యము కడిగిన నీరు కుడితిగోలెమునకు, గిన్నెలు తొలిచిన నీరు అరటిపాదునకు, పేడ ఎరువుదిబ్బకు చేరుచుండెడివి. ఒక ప్రాణి విడిచినది వేరొక ప్రాణికి ఆహారమగుననెడి యెరుక మన పెద్దలకు నిత్యానుభవమే. ఆ యెరుకనే శాస్త్రరీతిగా అమర్చి, చేపల తొట్టిని కూరమడిని ఒకే నీటితో జతపరచు విధానమునకు ఆక్వాపోనిక్స్ అని పేరు. అందు పెంచుటకు లోకమంతట ఎక్కువగా వాడబడు చేపలలో తిలాపియా ముఖ్యమైనది. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలో పెరడుగల యిల్లాండ్రకు ఇది యెంతవరకు తగును, ఏ జాగ్రత్తలతో తగును అను విషయమును ఈ మాసము ముచ్చటింతము.

ముందుగా దీని కీలకము తెలిసికొనవలెను. చేప తన మేతలోని మాంసకృత్తులను జీర్ణించుకొని, అక్కరలేని భాగమును ముఖ్యముగా మొప్పలద్వారా అమ్మోనియా రూపమున నీటిలోనికి విడుచును. అమ్మోనియా చేపకు విషము. అయితే మడిలోని కంకరరాళ్లను పట్టుకొని కంటికగపడని సూక్ష్మజీవులు నివసించును. వానిలో ఒక తెగ అమ్మోనియాను నైట్రైటుగా మార్చును, అదియు విషమే. రెండవ తెగ ఆ నైట్రైటును నైట్రేటుగా మార్చును. ఈ నైట్రేటు మొక్కలకు మంచి యెరువు. మొక్కలు దానిని పీల్చుకొనగా తేరిన నీరు మరల తొట్టికి చేరును. ఆవిరియై పోయినంత, మొక్కలు త్రాగినంత నీటిని మాత్రము మనము నింపుచుండిన చాలును.

తిలాపియా ఆఫ్రికా ఖండపు చేప. వేడికి ఓర్చును, గుంపులో బ్రదుకును, కొంత ఉప్పునీటిని సహించును, పైరు మేతను ఇష్టముగా తినును. నీరు 27 మొదలు 30 డిగ్రీల వేడిలో నున్నపుడు చక్కగా ఎదుగును. మంచి జాతి పిల్లను బాగుగా పోషించిన ఆరేడు నెలలలో 400 గ్రాముల తూగు వచ్చును. ముండ్లు తక్కువ గనుక పిల్లలకు పెట్టుటకును అనుకూలము. ఈ గుణములు విన్నవారికి వెంటనే రెండు జతలు తెచ్చి తొట్టిలో వేయవలెనని తోచుట సహజము. అక్కడనే ఆగి ఆలోచింపవలెను.

ఈ చేప మాతృత్వము చిత్రమైనది. మగచేప తొట్టి అడుగునగాని చెరువు అడుగునగాని పల్లెమువంటి గుంట చేయును. ఆడుచేప అందు గుడ్లు పెట్టి, వెంటనే వానిని తన నోటిలోనికి తీసికొనును. గుడ్లు పొదిగి, పిల్లలు ఈదనేర్చువరకు, సుమారు పది పండ్రెండు దినములు, నోటిలోననే వానిని కాపాడును. ఆ దినములలో ఆ తల్లి మేత ముట్టదనియే చెప్పవచ్చును. పిల్లలు వెలుపలికి వచ్చిన తరువాత కూడ అపాయము కలిగినచో అవి పరుగున వచ్చి తల్లినోట దాగుకొనును. ఇట్టి కాపుదలవలన పిల్లలలో చాల భాగము బ్రదుకును. వెచ్చని నీటిలో నెల, నెలన్నర కొకసారి మరల గుడ్లు పెట్టును.

మన శీలావతి, బొచ్చె చేపలతో పోల్చి చూడుడు. అవి వానకాలమున పారు ఏటినీటిలోనే గాని నిలువనీటిలో గుడ్లు పెట్టవు. 1957లో డాక్టరు హీరాలాల్ చౌధురి అను శాస్త్రజ్ఞుడు పిట్యూటరీ గ్రంథి రసమును సూదిమందుగా ఇచ్చి వానిచే గుడ్లు పెట్టించిన తరువాతనే వాని పిల్లలు చెరువులవారికి సులభముగా దొరకసాగినవి. తిలాపియాకు అట్టి ప్రయత్నమేదియు అక్కరలేదు. ఒక ఆడు, ఒక మగ చాలును.

తల్లియందలి యీ సద్గుణమే యింటి తొట్టికి చేటు తెచ్చును. గుడ్లు నోట నుంచుకొను ఆడుచేప ఉపవాసముచే ఎదుగదు. పిల్లలు పుట్టినకొలది మేతకు పోటీ హెచ్చును. అవియు మూడు నాలుగు నెలల ప్రాయమునకే మరల పిల్లలను పెట్టసాగును. సంవత్సరము తిరుగునప్పటికి తొట్టినిండ అరచేతికి మించని చేపలు మిగులును. మేత ఖర్చు తరుగదు, కూరకు చేప రాదు. నీటిలో అమ్మోనియా మాత్రము పెరుగుచుండును.

తొట్టి దాటినచో కలుగు కీడు ఇంతకంటె పెద్దది. మొదట తిలాపియాను మన దేశమునకు 1952లో తెచ్చిరి. పేదవారికి చవుకగా మాంసకృత్తులు దొరకునని అప్పటి యాశ. కాని అది చెరువులలో విపరీతముగా వృద్ధిపొంది ఇతర చేపల మేతను, చోటును ఆక్రమించుటచే 1959లో దాని వ్యాప్తి కూడదని ప్రభుత్వపు మత్స్య పరిశోధన సంఘము నిర్ణయించెను. అప్పటికే తమిళదేశపు జలాశయములు కొన్నిటిలో అది పాదుకొన్నది. నేడు గోదావరి, కృష్ణలలోను కానవచ్చుచున్నది. "ఇప్పటికే యున్నది గదా, మన నాలుగు చేపలతో నేమగును?" అందురేమో. నదిలో ఒక చోట నున్నది ఊరి ప్రతి బోదెలోను, ప్రతి చెరువులోను ఉన్నట్లు కాదు. ఇంకను దాని బారినపడని నీటిని కాపాడుకొనుట మన చేతిలోని పని.

మన సీమలో ఈ భయము మరింత న్యాయమైనది. తెనాలి పట్టణము నడుమనుండియే కృష్ణా పశ్చిమ డెల్టా కాలువలు పారుచున్నవి. ఒక ఇంటి మురుగునీరు బోదెకు, బోదె కాలువకు, కాలువ పొలములకు, చెరువులకు చేరును. ఇక వరదలు, తుపానులు మనకు క్రొత్తవి కావు. 2023 డిసెంబరు 5వ తేదీన మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరనే తీరము దాటినది. 2024 సెప్టెంబరు మొదటి దినములలో ప్రకాశము బ్యారేజీవద్ద 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద పారి, రేపల్లె వైపు లంకగ్రామములు నీట మునిగినవి. అట్టి రాత్రి పెరటి తొట్టి పొంగినచో అందలి చేప యెక్కడికి పోవునో చెప్పనక్కరలేదు. కావున తొట్టిని పెరటిలోని మెరకచోట, గట్టి అరుగుపై నిలుపుడు. పైన వల బిగించి కట్టుడు. పొంగునీరు పోవు గొట్టమునకు సన్నని జల్లెడ అమర్చుడు. తుపాను హెచ్చరిక వినబడినప్పుడు, పెద్దచేపలను ముందుగనే పట్టి వంటకు వాడుకొనుట ఉత్తమము. పైవలవలన మరియొక లాభము కలదు: ఇంట పాకు పిల్లలున్నచో తొట్టిలో పడు ప్రమాదము తప్పును.

చట్టమును గూర్చియు తెలిసియుండవలెను. తిలాపియా పెంచువారు రాష్ట్ర మత్స్యశాఖ అనుమతి పొందవలెననియు, మగపిల్లలను గాని సంతానము కలుగని పిల్లలను గాని మాత్రమే పెంచవలెననియు కేంద్రప్రభుత్వపు మార్గదర్శకములు చెప్పుచున్నవి. తెనాలివారు గుంటూరు జిల్లా మత్స్యశాఖవారిని, బాపట్ల, రేపల్లెలవారు 2022లో ఏర్పడిన బాపట్ల జిల్లా మత్స్యశాఖవారిని ముందుగా విచారింపవలెను. తొట్టి చిన్నదని ఈ పని మానరాదు. పిల్లల సంగతికి వచ్చిన, 1988లో ఫిలిప్పైన్సు దేశమున ఆరంభమైన సంకరకృషి ఫలితముగా గిఫ్ట్ అను మేలైన తిలాపియా వంగడము పుట్టినది. కృష్ణా జిల్లా మణికొండలో రాజీవ్ గాంధీ జలచరపెంపక కేంద్రమువారు ఆ వంగడముపై పనిచేయుచు వచ్చిరి. పిల్లలను ప్రభుత్వానుమతిగల ఉత్పత్తికేంద్రమునుండియే కొనవలెను. సంతలో దొరకు పేరులేని పిల్లలను కొనరాదు.

మగపిల్లలనెట్లు పొందుదురని కొందరికి సందేహము కలుగవచ్చును. పుట్టిన కొలది దినములకే మూడు నాలుగు వారములపాటు మేతలో పురుష హార్మోనును స్వల్పముగా కలిపి పెట్టుదురు. ఆ మేత మానిన కొలది కాలమునకే అది చేప శరీరమునుండి తొలగిపోవును. మనము వండుకొనుట అటుపిమ్మట ఎన్నో నెలలకు. అయినను నూటికి ఒకటి రెండు ఆడుపిల్లలు మిగులవచ్చును. చేప 30 గ్రాముల తూగు దాటిన తరువాత తడిచేతితో వెల్లకిల త్రిప్పి చూడుడు. తోకవైపు పొట్టక్రింద మగదానికి రెండు రంధ్రములు, ఆడుదానికి మూడు రంధ్రములు కనిపించును. ఆడుదానిని వేరుపరచి ముందుగా వంటకు వాడవలెను.

ఇక అమరిక. మొదటిసారి ప్రయత్నించువారికి 1000 లీటర్ల తొట్టి చాలును. నీరే ఒక టన్ను బరువుండును గనుక మిద్దెమీద పెట్టరాదు. దీనికి జతగా అడుగు లోతున కంకర నింపిన మడులు, మొత్తము 3 చదరపు మీటర్లు, ఉండవలెను. కంకరపై నిమ్మరసము పిండి చూడుడు. నురుగు పొంగినచో అది సున్నపురాయి, పనికిరాదు. గంటకు 1000 లీటర్లు తోడు చిన్న పంపును, గాలి యెక్కించు యంత్రమును అమర్చవలెను. కరెంటు పోయినపుడు గాలి యంత్రము నడచుటకు బ్యాటరీ తప్పనిసరి. లేనిచో నిండు తొట్టిలోని చేపలు కొలది గంటలలోనే ఊపిరాడక చచ్చును.

తొట్టి నింపిన దినముననే చేపలను వదలుట పెద్ద పొరపాటు. ముందు చెప్పిన సూక్ష్మజీవులు కుదురుకొనుటకు నాలుగు మొదలు ఆరు వారములు పట్టును. అంతవరకు దినమునకొక చిటికెడు మేతను నీట వేయుచు, అక్వేరియము దుకాణములలో దొరకు పరీక్షమందుతో చూచుచుండుడు. అమ్మోనియా, నైట్రైటు రెండును పెరిగి మరల సున్నకు దిగిన తరువాతనే పిల్లలను విడువవలెను. మొదట 20, అలవాటు పడిన తరువాత 40 చేపలకు మించకుండుట మేలు. ఒక చదరపు మీటరు ఆకుకూరమడికి దినమునకు 50 గ్రాముల మేత యను లెక్క గుర్తుంచుకొనుడు. అనగా మన 3 మీటర్ల మడికి, చేపలు పెద్దవైనపుడు, 150 గ్రాములు. ఇరువది నిమిషములలో తినలేని మేతను తీసివేయవలెను. ఆకలితో నున్న చేప తిరిగి తేరుకొనును గాని, మురిగిన మేత తొట్టినంతను చంపును.

నీటిని గూర్చి మూడూళ్లకు మూడు మాటలు. తెనాలిలో కుళాయినీరు వాడువారు క్లోరిను పోవుటకు ఒక దినము వెడల్పు పాత్రలో ఎండకు ఉంచి పోయవలెను. క్లోరిను చేపనేగాక సూక్ష్మజీవులను కూడ చంపును. బాపట్ల ఇసుకనేలలో పైన మంచినీరు, క్రింద ఉప్పునీరు ఉండును. అందుచేతనే అక్కడి రైతులు లోతు తక్కువ దొరువులు త్రవ్వి పైనీటినే తోడుకొనుచు వచ్చిరి. ఆ పద్ధతినే బాపట్ల వ్యవసాయ పరిశోధకులు భూమిలో రంధ్రముల గొట్టములు పరచి మెరుగుపరచిరి. నీటిని పొదుపుగా మరల మరల వాడు ఈ తొట్టి అట్టి ఊరికి తగినది. రేపల్లె వైపు బోరునీరు ఉప్పగా నుండిన, చేప ఓర్చును గాని చిక్కుడువంటి మొక్కలు ఓర్వవు. వాననీరు పట్టి కలుపుకొనుట, ఉప్పును కొంత సహించు పాలకూర వేసికొనుట మంచిది. మంచినీరున్నచోట తోటకూర, బచ్చలి, పుదీన, టమాట చక్కగా వచ్చును. ముల్లంగివంటి దుంపలకు కంకరమడి అనువుగాదు.

వేసవిలో తొట్టికి పడమటి యెండ తగులకుండ తాటాకు పందిరి వేయవలెను. నీరు వేడెక్కినకొలది అందలి ప్రాణవాయువు తగ్గును. మొక్కలకు పురుగు పట్టినచో మందు చల్లరాదు, అది నేరుగా చేపకు చేరును. చేతితో ఏరివేయుటయే మార్గము. వండుటకు ముందు చేపను ఒకటి రెండు దినములు మేత లేకుండ వేరొక మంచినీటి తొట్టిలో నుంచిన మన్నువాసన పోవును. వెడలనీటిని బోదెలోనికి వదలక అరటిపాదునకే పోయుడు.

లెక్క కూడ నిజముగా చెప్పుకొందము. 40 చేపలు 400 గ్రాములవంతున 16 కిలోలగును; దానికి సుమారు 24 కిలోల మేత పట్టును. దానిపై పంపు కరెంటు, తొట్టి వెల. ధనార్జనకు ఇది దారి గాదు. పురుగుమందు తగులని ఆకుకూర, కండ్లయెదుట పెరిగిన చేప, పిల్లలకు ప్రకృతిపాఠము అను మూడింటికొరకు పెంచువారికే ఇది తగును. అనుమతి దొరకనివారు, చేప తిననివారు అలంకారపు చేపలతోనైనను ఇదే మడిని నడుపవచ్చును. వానినికూడ కాలువలో విడువరాదు.

విసుగు పుట్టినపుడు "ప్రాణమున్న జీవి గదా, పుణ్యమగును" అని తిలాపియాను కాలువలో వదలువారు కలరు. ఆ జాలి శీలావతికి, బొచ్చెకు, ఇంకెన్నో చిన్నచేపలకు, వానిని పట్టి పొట్టపోసికొను జాలరి కుటుంబములకు చేటు. తొట్టి మానదలచినచో చేపలను వండుకొనుడు, లేదా ఇరుగుపొరుగులకు శుభ్రముచేసి ఇండు. సజీవముగా మాత్రము ఎవరికిని ఈయవలదు. చేపను గడపదాటనీయనంత జాగ్రత్త గల యిల్లాలే ఈ పెంపకమునకు పూనుకొనదగును.