పాదచారికి సంఘం లేదు

రోడ్డు దాటుతూ చనిపోయిన మనిషి వార్తకు పత్రికలో దక్కేది జిల్లా పేజీలో రెండంగుళాల జాగా. అందులోనూ సగం ‘గుర్తు తెలియని వాహనం’ అన్న మాటకే పోతుంది. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో మరణించినవారు 1,68,491 మంది. వారిలో 32,825 మంది కాలినడకన పోతున్నవారు. అంటే రోజుకు సుమారు 90 మంది. ఒక రైలు ప్రమాదంలో 90 మంది పోతే రైల్వే మంత్రి రాజీనామా చర్చకు వస్తుంది. రోజూ 90 మంది పోతుంటే మాత్రం నక్షత్ర గుర్తు లేని ప్రశ్నకు ఒక రాతపూర్వక సమాధానంతో పార్లమెంటు బాధ్యత తీరిపోతుంది.

ఇలా పోయినవారి కుటుంబాలకు చట్టం ఏమీ ఇవ్వలేదనడం అసత్యం. చాలానే ఇచ్చింది. ఇచ్చిన ప్రతిదానికీ ఒక గడువునో, ఒక మెలికనో, ఒక మౌనాన్నో జోడించింది. హక్కు ఉన్నదని తెలియని మనిషికి హక్కు లేనట్లే. ఆ తెలియనితనం మీదనే మన పరిహార వ్యవస్థ దశాబ్దాలుగా నడుస్తున్నది.

మోటారు వాహనాల చట్టం బాధిత కుటుంబానికి మూడు దారులు చూపుతుంది. మొదటిది 164వ సెక్షన్. తప్పు ఎవరిదన్న విచారణ లేకుండానే మరణానికి 5 లక్షల రూపాయలు ఇవ్వాలంటుంది. రెండవది 166వ సెక్షన్. డ్రైవరు నిర్లక్ష్యాన్ని చూపించి, మోటారు ప్రమాద క్లెయిముల ట్రిబ్యునల్ ఎదుట పూర్తి నష్టపరిహారం కోరడం. మూడవది 161వ సెక్షన్. ఢీకొట్టిన వాహనం ఏదో తేలనప్పుడు ప్రభుత్వ నిధి నుంచి 2 లక్షలు. ఈ మూడింటి మధ్య తేడా ఎంతటిదో ఒక లెక్క వేస్తే తప్ప బోధపడదు.

నెలకు 15,000 రూపాయలు సంపాదించే 32 ఏళ్ల తాపీ మేస్త్రి ఒకడు రోడ్డు దాటుతూ కారు కింద పడి చనిపోయాడనుకుందాం. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి ఉన్నారు. 2009 నాటి సరళా వర్మ తీర్పు, 2017లో రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చిన ప్రణయ్ సేథీ తీర్పు ఈ లెక్కకు సూత్రాలు స్థిరపరిచాయి. నలభై ఏళ్లలోపు స్వయం ఉపాధివారి ఆదాయానికి, భవిష్యత్తులో పెరిగే సంపాదన కింద 40 శాతం కలపాలి. అది 21,000 అవుతుంది. నలుగురు ఆధారపడినవారుంటే మృతుని సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసివేయాలి. మిగిలేది 15,750. ఏడాదికి 1,89,000. ఆ వయసుకు నిర్ణయమైన గుణకం 16. మొత్తం 30,24,000 రూపాయలు. భార్యకు, పిల్లలకు, తల్లికి సాహచర్య నష్టం కింద, అంత్యక్రియల ఖర్చు కింద వచ్చేవి వీటికి అదనం.

ఒకే మరణం. ఒక దారిలో 5 లక్షలు, మరొక దారిలో 30 లక్షలకు పైగా. ఇక మెలిక చూడండి. బీమా సంస్థ ప్రతిపాదించిన 164వ సెక్షన్ పరిహారాన్ని కుటుంబం ఒప్పుకుని తీసుకుంటే, ట్రిబ్యునల్‌లో వేసిన పిటిషన్ రద్దయిపోతుంది. పెద్దకర్మకు అప్పు చేసిన ఇంటికి, ఎదురుగా ఉన్న 5 లక్షలు కళ్లకు కనిపిస్తాయి గానీ కొన్నేళ్ల తర్వాత వచ్చే 30 లక్షలు కనిపించవు. వద్దనుకునే స్తోమత ఆ ఇల్లాలికి ఉండదు. ఈ సంగతి శాసనం రాసినవారికి తెలియదా?

2016లో తెచ్చిన సవరణ బిల్లులోనైతే మరణానికి థర్డ్ పార్టీ బీమా బాధ్యతను 10 లక్షలకు మించకుండా కట్టడి చేసే ప్రతిపాదనే ఉన్నది. విమర్శలు వచ్చాక ఆ పరిమితిని తొలగించారు. ఎదురుగా వేసిన అడ్డు తీసేసి, పక్కదారిన మరొకటి పెట్టారు. ఆ రెండవ అడ్డు పేరు గడువు. 1994 సవరణతో కాలపరిమితి నిబంధన రద్దయింది. పాతికేళ్ల తర్వాత, 2019 సవరణ దానిని మళ్లీ తెచ్చింది. 2022 ఏప్రిల్ 1 నుంచి ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోగా పిటిషన్ వేయకపోతే ట్రిబ్యునల్ స్వీకరించరాదు. ఆలస్యాన్ని మన్నించే అధికారం కూడా ఆ సెక్షన్‌లో లేదు. చేతి బదులు మీద ఇచ్చిన అప్పును వసూలు చేసుకోవడానికి చట్టం మూడేళ్ల వ్యవధి ఇస్తుంది. మనిషి ప్రాణానికి మాత్రం సంవత్సరీకం కూడా రాకముందే తలుపు మూస్తుంది. 2025 నవంబరులో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చి, కాలాతీతమన్న కారణంతో పిటిషన్లను కొట్టివేయరాదని ట్రిబ్యునళ్లను, హైకోర్టులను ఆదేశించింది. అది ఊరట మాత్రమే. సెక్షన్ ఇంకా చట్టంలోనే ఉన్నది. ఏ కుటుంబమూ ఆ ఊరటను నమ్ముకుని ఆరు నెలలు దాటనివ్వరాదు.

వాహనం దొరకని మరణాల సంగతి ఇంతకంటె హీనం. 2022లో ఢీకొట్టి పారిపోయిన ఘటనలు 67,387. వాటిలో పోయిన ప్రాణాలు 30,486. మరి 2022-23 ఆర్థిక సంవత్సరంలో పరిహారం కోసం వచ్చిన దరఖాస్తులు 205. పరిష్కరించినవి 95. ఈ అంకెలు 2024 జనవరిలో సుప్రీంకోర్టు రికార్డుకెక్కాయి. 30 వేల ఇళ్లలో 2 లక్షల రూపాయలు అక్కరలేని ఇళ్లు ఎన్ని? ఆ పథకం ఉన్నదని వారికి ఎవరూ చెప్పలేదు. దరఖాస్తు తహశీల్దారుకో, ఆర్డీఓకో ఇవ్వాలి. ఆయన నెలలోగా జిల్లా కలెక్టరుకు నివేదించాలి. కలెక్టరు 15 రోజుల్లో మంజూరు చేయాలి. నెలలోగా వాహనం ఆచూకీ తెలియకపోతే పోలీసులే ఈ పథకం సంగతి బాధితులకు రాతపూర్వకంగా తెలియజేయాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. ఎన్ని ఠాణాల నుంచి ఎన్ని ఇళ్లకు ఆ ఉత్తరం వెళ్లిందో ప్రతి జిల్లా ఎస్పీ బహిరంగంగా చెప్పాలి.

చచ్చినవాడి కళ్లు చారెడంటారు. పోలీసు కాగితాల్లో మాత్రం చచ్చిన బాటసారికి కళ్లే ఉండవు. ‘చూసుకోకుండా రోడ్డు దాటుతుండగా’ అన్న ఒక్క ముక్క ఎఫ్‌ఐఆర్‌లో చేరితే, మృతుడి తప్పు కూడా ఉన్నదని బీమా సంస్థ పరిహారంలో కోత కోరుతుంది. ఆ మాట రాసిన కానిస్టేబులు, ఆ చోట దాటడానికి వేరే దారి ఉన్నదా అని చూడడు. ఊరిని రెండుగా చీల్చి ఆరు వరుసల రహదారి వేసి, బడి ఒక వైపున, ఇళ్లు మరొక వైపున వదిలేసిన ఇంజినీరు పేరు ఏ ఎఫ్‌ఐఆర్‌లోనూ ఉండదు. రోడ్డు నమూనాలో, నిర్మాణంలో, నిర్వహణలో ప్రమాణాలు పాటించక మరణానికి కారణమైన అధికారికి, కాంట్రాక్టరుకు 198ఏ సెక్షన్ విధించే గరిష్ఠ జరిమానా లక్ష రూపాయలు. కోట్ల కాంట్రాక్టులో అది చిల్లర ఖర్చు. కాలిబాట మీద నడిచే హక్కు జీవించే హక్కులో భాగమని 2025 మేలో సుప్రీంకోర్టు అన్నది. గోతుల్లో, తెరిచిన మ్యాన్‌హోళ్లలో పడి చనిపోయినవారి కుటుంబాలకు 6 లక్షల చొప్పున ఇవ్వాలని అదే ఏడాది అక్టోబరులో బొంబాయి హైకోర్టు ఆదేశించింది. స్థానిక సంస్థ నిర్లక్ష్యం స్పష్టంగా ఉన్న చోట హైకోర్టులో రిట్ వేసే దారి తెలుగు రాష్ట్రాల కుటుంబాలకూ ఉన్నది.

నేర విచారణ మరొక కథ. నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే పాత శిక్షాస్మృతిలో గరిష్ఠ శిక్ష రెండేళ్లు. భారతీయ న్యాయ సంహిత 106(1) దానిని అయిదేళ్లకు పెంచింది. ఢీకొట్టి, పోలీసులకో మెజిస్ట్రేటుకో చెప్పకుండా పారిపోతే పదేళ్లంటూ 106(2) చేర్చింది. 2024 జనవరి 1న లారీ డ్రైవర్లు చక్రాలు ఆపారు. పెట్రోలు బంకుల ముందు వాహనాలు బారులు తీరాయి. మరుసటి రాత్రికే కేంద్ర హోం శాఖ కార్యదర్శి రవాణా సంఘంతో కూర్చుని, సంప్రదించకుండా అమలు చేయబోమని మాట ఇచ్చారు. 2024 జులై 1న సంహిత అంతా అమలులోకి వచ్చింది, ఆ ఒక్క ఉపసెక్షన్ తప్ప. డ్రైవర్ల భయంలో న్యాయం లేకపోలేదు. ఆగితే జనం కొట్టి చంపుతారన్న భయం నిజమైనదే. అయితే ఆ భయానికి జవాబుగా రక్షణ కల్పించే నిబంధన రాయడానికి బదులు, మొత్తం నిబంధననే అటకెక్కించారు. రెండు రోజుల్లో దేశాన్ని ఆపగలిగినవారి మాట విన్నారు. రోజుకు 90 మందిని పోగొట్టుకుంటున్నవారితో మాట్లాడదామంటే వారికి సంఘం లేదు, చక్రం లేదు, ఆపడానికి బంకు లేదు.

డబ్బున్నవాడు చక్రం వెనుక ఉంటే విచారణ ఎలా సాగుతుందో ఢిల్లీ లోధీ కాలనీ కేసు చెప్పింది. 1999 జనవరిలో బీఎండబ్ల్యూ కారు కింద ఆరుగురు పోయారు. వారిలో ముగ్గురు పోలీసులు. సాక్షులు మాట మార్చారు. కింది కోర్టు అయిదేళ్ల శిక్ష వేస్తే, హైకోర్టు రెండేళ్లకు తగ్గించింది. 2012లో సుప్రీంకోర్టు నేర తీవ్రతను పెంచి, శిక్షను మాత్రం అనుభవించిన మేరకే పరిమితం చేసి, 50 లక్షలు కట్టమన్నది. చనిపోయిన పోలీసులకే ఇంత న్యాయమైతే మేస్త్రి మాటేమిటి?

పల్లెల్లో ఇదంతా కోర్టు దాకా రాదు. వాహన యజమాని తరఫున నలుగురు పెద్దమనుషులు వస్తారు. దహనం ఖర్చులకని కొంత చేతిలో పెట్టి, తెల్లకాగితం మీద వేలిముద్ర తీసుకుంటారు. నిర్లక్ష్యంతో మరణానికి కారణం కావడం రాజీకి వీలైన నేరాల జాబితాలో లేనే లేదు. క్రిమినల్ కేసు వీగిపోయినా ట్రిబ్యునల్ పిటిషన్ దానంతట అది వీగిపోదు. అక్కడ అనుమానాలకు అతీతమైన రుజువు అక్కరలేదు, సంభావ్యత ఏ వైపు మొగ్గితే అదే చాలు. డ్రైవరుకు లైసెన్సు లేకపోయినా, ముందు బాధితులకు చెల్లించి, తర్వాత యజమాని నుంచి రాబట్టుకోమని బీమా సంస్థలను కోర్టులు ఆదేశిస్తూనే ఉన్నాయి. ఇంటిపని చేసే స్త్రీకి ఆదాయం లేదన్న వాదనకు 2021లో కీర్తి కేసు చోటు లేకుండా చేసింది. ఆ శ్రమ విలువను జస్టిస్ ఎన్.వి. రమణ తన ప్రత్యేక తీర్పులో వివరంగా రాశారు. బెంగుళూరులోనో, ముంబైలోనో వలస కూలీ చనిపోతే, కుటుంబం పాలమూరులోనో, శ్రీకాకుళంలోనో తాము ఉండే చోటే పిటిషన్ వేయవచ్చు. స్త్రీలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇవ్వాలి. వచ్చే పరిహారంలో ఇంత వాటా అని ఫీజు మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకే విరుద్ధం.

ఇవన్నీ శవపరీక్ష గది బయట కూర్చున్న తల్లికి ఎవరు చెప్పాలి? చట్టం దీనికీ జవాబు రాసిపెట్టింది. 2022 నిబంధనల ప్రకారం పోలీసులు 48 గంటల్లో తొలి ప్రమాద నివేదికను, 90 రోజుల్లో సమగ్ర నివేదికను ట్రిబ్యునల్‌కు పంపాలి. ఆ నివేదికనే పరిహార దరఖాస్తుగా స్వీకరించే వీలున్నది. అంటే ఆ తల్లి ఎక్కడికీ తిరగకుండానే కేసు నడవాలి. ఇది నిజంగా అమలైతే ఆరు నెలల గడువుకు భయపడే పని ఉండదు, దళారీకి బేరం ఉండదు.

కనుక అడగవలసినవి కొత్త చట్టాలు కావు. 166(3)లోని గడువును పార్లమెంటు తొలగించాలి. 164 కింద సొమ్ము తీసుకున్న కుటుంబం పూర్తి పరిహారం కోరే హక్కును కోల్పోరాదు. ఆ సొమ్మును తుది మొత్తంలో సర్దుబాటు చేస్తే చాలు. డ్రైవరుకు రక్షణ కల్పిస్తూ 106(2)ను తిరిగి రాసి అమలు చేయాలి. వాహనం దొరకని ప్రతి మరణంలోనూ దరఖాస్తును పోలీసులే నింపి పంపాలి. వీటిలో ఏ ఒక్కదానికీ ఖజానా ఖాళీ కాదు.

ఎన్నికల ముందు నాయకులు పాదయాత్రలు చేస్తారు. వారి ముందు పోలీసులు, వెనుక అంబులెన్సు, దారి పొడవునా ట్రాఫిక్ మళ్లింపు. ఈ దేశంలో రోడ్డు మీద నడిచే మనిషికి ఎలాంటి రక్షణ కావాలో వారికి బాగా తెలుసు. పాదయాత్ర ముగిసి అధికారంలోకి వచ్చాక, అదే రోడ్డు మీద రోజూ నడిచేవాడి సంగతే గుర్తుండదు.