పాత బుల్డోజర్ కొంటే కలిసివస్తుందా?

బీడు భూమిని సాగులోకి తేవాలన్న కోరిక రైతుకు సహజం. తాతల కాలం నుంచి కంప పెరిగి, రాళ్ళు తేలి పడివున్న పది ఇరవై ఎకరాలు కంటి ముందు కనబడుతుంటాయి. గండికోట, చిత్రావతి రిజర్వాయర్లలో నీరు నిలవడం మొదలయిన తరువాత ఆ కోరిక మరీ బలపడింది. సరిగ్గా ఇలాంటి సమయంలో ఎక్కడో ఒక పాత బుల్డోజర్ అమ్మకానికి వచ్చిందనీ, కొత్తదాని ధరలో అది నాలుగో వంతు కూడా లేదనీ ఎవరో చెవిన వేస్తారు. ఇక ఆ రైతుకు నిద్రపట్టదు. మన చేను మనమే చదును చేసుకోవచ్చు, మిగిలిన రోజుల్లో పక్క చేలకు అద్దెకు పంపితే అప్పు దానంతట అదే తీరుతుంది అన్న లెక్క ఒకటి మనసులో తయారవుతుంది. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ వీధికి ఇంటి ఆడవారి నగలు తాకట్టుకు వెళ్ళడానికి ఆ లెక్క చాలు.

ఆ లెక్క చాలామంది రైతుల విషయంలో తప్పు. కాగితం మీద పెట్టి చూస్తే సంగతి తేలుతుంది.

లింగాల, వేముల వైపు ఇరవై ఎకరాల బీడు వున్న ఒక రైతును వూహించుకుందాం. పాత యంత్రానికి 12 లక్షల రూపాయలు అడిగారనుకుందాం. చేతిలో అంత సొమ్ము లేదు గనుక నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడు. నెలకు వడ్డీ 24 వేలు, ఏడాదికి 2 లక్షల 88 వేలు. అసలు సంగతి వేరే వుంది, ఇది వడ్డీ మాత్రమే. అదే భూమిని అద్దె యంత్రంతో బాగుచేయిస్తే ఎంత అవుతుంది? కంప పెకలించి, రాళ్ళు ఒక పక్కకు నెట్టి, ఓ మోస్తరుగా చదును చేయడానికి ఎకరాకు ఆరు గంటలు పడుతుందనుకుంటే మొత్తం 120 గంటలు. గంటకు 2 వేల చొప్పున 2 లక్షల 40 వేలు. అంటే ఒక్క ఏడాది వడ్డీ డబ్బుతోనే ఇరవై ఎకరాలూ చదునయి, ఇంకా 48 వేలు మిగులుతాయి.

సొంత బండి అయితే అద్దె మిగులుతుంది కదా అనేవారు డీజిలును మరచిపోతున్నారు. నూరు గుర్రాల పైబడిన శక్తి గల చైను బండి గట్టి పనిలో గంటకు పదిహేను లీటర్ల దరిదాపు తాగుతుంది. లీటరు నూరు రూపాయలకు కాస్త అటూ ఇటూగా వున్న ఈ రోజుల్లో గంటకు 1,500 రూపాయలు పొగగొట్టం గుండానే పోతాయి. 120 గంటలకు 1 లక్ష 80 వేలు. అద్దె రేటులో సాధారణంగా డీజిలు, ఆపరేటరు కూలి కలిసే వుంటాయి. కాబట్టి సొంత బండి వల్ల మిగిలేది నిజానికి 60 వేలు. అందులో నుంచే ఆపరేటరు జీతం, ఇంజను ఆయిలు, ఫిల్టర్లు, గ్రీజు పోవాలి. ఈ అంకెలు వూరికీ వూరికీ మారతాయి, ఎవరి అంకెలు వారు వేసుకోవచ్చు. అద్దె గంటకు రెండున్నర వేలు వేసుకున్నా మొత్తం 3 లక్షలే అవుతుంది. ఏడాది వడ్డీకి అది 12 వేలు మాత్రమే ఎక్కువ.

పక్క రైతులకు అద్దెకు పంపడం ఎలా వుంటుందో కూడా చూడాలి. గంటకు 2 వేలు వస్తే డీజిలు పోను చేతికి 500. వడ్డీకి మాత్రమే 576 గంటల పని దొరకాలి. రోజుకు ఎనిమిది గంటల చొప్పున 72 రోజులు, మధ్యలో ఒక్కరోజు బండి చెడిపోకుండా. జమ్మలమడుగు నల్లరేగడిలో శనగ కోత అయ్యాక వేసవిలో దొరికే వ్యవధి మూడు నాలుగు నెలలు. వాన పడిన నల్లరేగడిలోకి పదకొండు పన్నెండు టన్నుల యంత్రాన్ని దింపితే బండి దిగబడుతుంది, నేల గట్టిపడుతుంది. పైగా చైను బండి తారురోడ్డు మీద నడవరాదు. ఒక వూరి నుంచి మరో వూరికి ట్రెయిలర్ మీద ఎక్కించి తీసుకుపోవాలి. ఆ బాడుగ ఎవరు పెట్టుకోవాలన్న తగాదా ప్రతిసారీ వుండేదే. రెండెకరాల పని కోసం ట్రెయిలర్ బాడుగ ఇచ్చే రైతు అరుదు. ఆ చిన్న పనులన్నీ టైర్ల మీద తానే నడిచి వచ్చే జె.సి.బి. ఎత్తుకుపోతుంది.

కాంట్రాక్టు పనులు వస్తాయన్న ఆశ మరొకటి. జమ్మలమడుగు ప్రాంతంలో ఉక్కు కర్మాగారానికి 2007లో ఒకసారి, 2018లో మరోసారి, 2019లో ఇంకోసారి, 2023లో మళ్ళీ శంకుస్థాపనలు జరిగాయి. ఆ శిలాఫలకాలను చూసి యంత్రం కొనుక్కున్నవాడికి వడ్డీ మాత్రం ఏ శంకుస్థాపన కోసమూ ఆగదు. చేతిలో వర్క్ ఆర్డరు పడిన తరువాత బండి వెతుక్కోవడం ఒకటి, బండి కొనుక్కుని వర్క్ ఆర్డరు కోసం ఆఫీసుల చుట్టూ తిరగడం వేరొకటి.

"అద్దె బండి అదునుకు దొరకదన్నా, అందుకే సొంతది కావాలి" అనే మాట కూడా వినవస్తుంది. విత్తనం వేయడానికి అదును వుంది, మూడు రోజులు దాటితే పదును ఆరిపోతుంది. కానీ నేల చదును చేయడానికి అలాంటి అదును లేదు. ఫిబ్రవరిలో కాకపోతే మార్చి, అదీ కాకపోతే ఏప్రిల్. ఈ వేసవి తప్పితే వచ్చే వేసవి. ఇరవై ఏళ్ళు కంప కింద వున్న భూమి మరో ఏడాది ఆగినంత మాత్రాన ఎవరూ చెడిపోరు.

బుల్డోజర్‌ను తయారుచేసింది కూడా ఒక రైతే కావడం విశేషం. 1923లో అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో ఒక యువరైతు, ఒక డ్రాఫ్ట్స్‌మన్ కలిసి ట్రాక్టరు ముందు పలక బిగించారు. పైపులైను గోతులు పూడ్చడానికి అది పుట్టింది. మన దేశంలో మధ్యభారతంలోని రెల్లుజాతి గడ్డి పట్టిన భూములను దున్నించడానికి 1949లో ప్రపంచ బ్యాంకు కోటి డాలర్ల అప్పు ఇచ్చింది. ఆ భారీ ట్రాక్టర్లను నడిపింది కేంద్ర ట్రాక్టర్ సంస్థ. మన రాష్ట్రంలో 1968లో ఏర్పడిన ఆగ్రో పరిశ్రమల అభివృద్ధి సంస్థ కూడా రైతుల భూములకు బుల్డోజర్లను అద్దెకు పంపింది. ఆ సంస్థల వెనుక వర్కుషాపులు, మెకానిక్కులు, విడిభాగాల గోదాములు వుండేవి. ఇరవై ఎకరాల రైతు వెనుక వుండేది వేపచెట్టు నీడ, ఒక పానా పెట్టె.

అలాగని ఎవరూ కొనరాదని కాదు. అన్నదమ్ములు, దాయాదులు కలిసి నూటయాభై ఎకరాల బీడు వున్నవారు, ఇంట్లోనే డీజిలు ఇంజను విప్పి బిగించగల కుర్రవాడు వున్నవారు, చెరువు కట్టలు, రోడ్ల పనులు చేతిలో వున్న చిన్న కాంట్రాక్టర్లు, అన్నిటికీ మించి అప్పు లేకుండా కొనగలవారు కొనవచ్చు. వారైనా బండి పైన కొత్తగా వేసిన పసుపు రంగును చూసి కాక, కిందకు వంగి చూసి కొనాలి.

చైను బండికి అయ్యే మరమ్మతు ఖర్చులో దాదాపు సగం అడుగుభాగానికే పోతుంది. చైను లింకులు, పిన్నులు, బుష్షులు, కింది రోలర్లు, ముందు ఐడ్లరు, వెనుక పళ్ళచక్రం, ఇవన్నీ ఒకదానితో ఒకటి అరిగేవే. పళ్ళచక్రం పళ్ళు కత్తిమొనల్లా సన్నబడి వుంటే చైను కూడా అయిపోయినట్టే. ఒకటి మార్చి మరొకటి వదిలేస్తే కొత్తది కూడా పాతదానితో పాటే అరుగుతుంది. చైను వదులుగా వేలాడుతుంటే, బిగిస్తాం లెండి అనే మాట నమ్మరాదు. బిగించే స్థలం ఇంకా వుందో లేదో చూడాలి. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు చుట్టుపక్కల సున్నపురాయి, నాపరాయి గనుల్లో పనిచేసిన యంత్రమైతే మట్టిలో పనిచేసినదానికంటే కింది భాగం తొందరగా అరిగి వుంటుంది. కాబట్టి ఎన్ని గంటలు తిరిగిందన్నదానికంటే ఎక్కడ తిరిగిందన్నదే ముఖ్యం. గంటల మీటరును మార్చడం పెద్ద విద్య కాదు, అరిగిన ఇనుమును దాచడం మాత్రం కష్టం.

చూడటానికి వెళ్ళేవారు చెప్పాపెట్టకుండా తెల్లవారుజామున వెళ్ళడం మంచిది. ఇంజను మీద చేయి పెట్టి చూడాలి. చల్లగా వుంటే సరి. అప్పటికే వేడిగా వుంటే, చల్లని ఇంజను సులభంగా స్టార్టు కాదని అమ్మేవారికి ముందే తెలుసన్నమాట. స్టార్టు అయ్యాక నీలం పొగ ఆగకుండా వస్తుంటే ఇంజను ఆయిలు మండుతున్నది. వేడెక్కాక కూడా తెల్లపొగ తగ్గకపోతే నీళ్ళు లోపలికి పోతున్నాయేమో అనుమానించాలి. ఆయిలు మూత తీస్తే గుప్పుగుప్పుమని గాలి తన్నుతుంటే పిస్టను రింగులు పోయినట్టు. అక్కడితో ఆపి బేరానికి దిగరాదు. రెండు గంటలు గట్టి నేలలో పని చేయించాలి. వేడెక్కిన తరువాతే కుడికీ ఎడమకూ సమానంగా తిరుగుతుందా, పలక ఎత్తి వుంచితే దానంతట అది కిందికి జారుతుందా, వెనుక పళ్ళచక్రం దగ్గర ఆయిలు కారుతుందా అన్నవి బయటపడతాయి. ప్రొద్దుటూరులో హెవీ వెహికల్ మెకానిక్కును వెంట తీసుకుపోతే ఇచ్చే కూలి వేలల్లో వుండవచ్చు, లక్షలు మిగిలే అవకాశం వుంది.

కంపెనీ సంగతి కూడా వుంది. కోలారు బంగారు గనుల దగ్గర తయారయ్యే బి.ఇ.ఎం.ఎల్. యంత్రాలు దక్షిణాదిలో చాలా వున్నాయి గనుక విడిభాగాలకు ఇబ్బంది తక్కువ. పేరు వినని పాత విదేశీ యంత్రం ఎంత చవకగా వచ్చినా, ఒక సీలు కోసం నెలలు ఎదురుచూడవలసివస్తే అది చవక కాదు. ప్రభుత్వరంగ సంస్థల పాత యంత్రాలు వేలానికి వచ్చినప్పుడు ఎక్కడ ఏ స్థితిలో వుంటే ఆ స్థితిలోనే అన్న షరతు వుంటుంది. తరువాత అడిగేందుకు ఏమీ వుండదు. ఇంజను నెంబరు, ఛాసిస్ నెంబరు కాగితాలతో సరిపోవాలి. దాని మీద ఫైనాన్సు బాకీ తీరినట్టు పత్రం చేతికి రావాలి.

ఇంతా చేసి యంత్రం చేలోకి దిగిందనుకుందాం. అసలు ప్రమాదం అక్కడ మొదలవుతుంది. పులివెందుల వైపు ఎర్రనేలల్లో సారం వున్న పైమట్టి చాలాచోట్ల జానెడు, మూరెడు లోతే. దాని కింద గరుసు, ఆపైన బండ. పలక దించి ఎత్తును గీకి పల్లంలోకి నెడితే నేల చూడముచ్చటగా చదునవుతుంది. గీకినచోట మాత్రం గరుసు తేలుతుంది. అక్కడ వేసిన వేరుశనగ గానీ చీనీ మొక్క గానీ ఏళ్ళ తరబడి ఎదగదు. పైమట్టిని ముందు ఒక పక్కకు కుప్పగా తీసిపెట్టి, కింది నేలను సరిచేసి, మళ్ళీ ఆ మట్టిని పరవాలి. దీనికి గంటలు ఎక్కువ పడతాయి. గంటల కూలికి తొందరపడే ఆపరేటరు ఆ మాట తానుగా చెప్పడు. నల్లరేగడిలోనూ లోతుకు పోతే సుద్దగడ్డలు పైకి వస్తాయి. కొత్తగా సొంత బండి కొన్న వుత్సాహంలో అవసరం లేనిచోట కూడా గీకిన నేలను మళ్ళీ బాగుచేయడానికి ట్రాక్టర్ల కొద్దీ చెరువుమట్టి, పశువుల ఎరువు తోలవలసివస్తుంది.

అంత చదును కావాలా అన్నది కూడా ఆలోచించవలసిన విషయం. కాలువ పారకం వున్న కె.సి. కెనాల్ కింద వరి మడికి నేల సమంగా వుండాలి. చీనీ, అరటి తోటలకు డ్రిప్పు పైపులు వేసుకునేవారికి అంత అవసరం లేదు. 2003లో సూక్ష్మ సేద్య పథకం వచ్చిన తరువాత ఈ ప్రాంతంలో వాలు నేలల్లోనే తోటలు పెరిగాయి. అక్కడ కావలసింది కంప వేర్లతో సహా పెకలించడం, పెద్ద రాళ్ళు తీయడం, వాలుకు అడ్డంగా గట్లు వేయడం. పైన నరికితే కంప మళ్ళీ చిగురిస్తుంది గనుక వేరు తీయక తప్పదు. ఆ పని జె.సి.బి., ఇటాచీలు చేయగలవు. వేరు చుట్టూ వున్న మట్టి కూడా అక్కడే వుంటుంది.

భూమి హద్దుల మాట వేరే చెప్పాలి. చేను మధ్యగా పోయే వంక రికార్డులో పోరంబోకు అయితే దాన్ని పూడ్చి కలుపుకోవడం నేరం. వాన వచ్చిన రోజు ఆ నీళ్ళు కింది రైతు చేలోకి తిరుగుతాయి, తగాదా వూళ్ళోకి వస్తుంది. కొన్న భూమి డి.కె.టి. పట్టాది అయితే 1977 నాటి ఎసైన్డు భూముల చట్టం, ఆ తరువాతి సవరణలు ఏమంటున్నాయో తెలుసుకోకుండా అందులో లక్షలు పోయరాదు. సర్వేయరుతో హద్దురాళ్ళు చూపించుకున్న తరువాతే ఏ యంత్రమైనా దిగాలి.

ఒక వూళ్ళో ఐదారుగురు రైతులు కలిసి వేసవిలో నెల రోజులకు ఒక డోజరును మాట్లాడుకుంటే ట్రెయిలర్ బాడుగ ఒక్కసారే పడుతుంది, రేటు కూడా తగ్గించి అడగవచ్చు. ఎవరి చేను ముందు అన్నది చీటీలు వేసి తేల్చుకోవచ్చు. డీజిలు ఎవరు పోయాలి, ఆపరేటరుకు అన్నం ఎవరు పెట్టాలి, బండి చెడిపోయి నిలిచిన గంటలు ఎవరి ఖాతా, ఇవి బండి ట్రెయిలర్ దిగకముందే కాగితం మీద రాసుకోవలసినవి. పొద్దున మీటరు ఎంత వుంది, సాయంత్రం ఎంత వుంది అన్నది రోజూ ఒక నోటుబుక్కులో రాసి, ఆపరేటరు చేత సంతకం పెట్టించుకోవాలి.