గడ్డిమేటును చూరు కింద వేస్తామా?

మన్యం గూడేల చుట్టూ తుప్ప కొట్టించాలని గోదావరి జిల్లాల ప్రజలకు, కొండమీది గ్రామసభలకు, అటవీ, ఐటీడీఏ అధికారులకు విన్నపం



అమలాపురం వైపు చూడండి, తణుకు వైపు చూడండి, ఏ రైతూ గడ్డిమేటును ఇంటి చూరుకు ఆనించి వేయడు. తాటాకు ఇళ్ళ రోజుల్లో ఈ సంగతి చిన్నపిల్లలకు కూడా తెలుసు. వడగాలి తోలే మధ్యాహ్నం పొయ్యిలో నిప్పు ఆర్పి, నీళ్ళు చిలకరించాకే మా అమ్మమ్మ నడుం వాల్చేది. ఒక్క చూరుకు రవ్వ తగిలి వీధి వీధంతా బూడిద కావడం కళ్ళారా చూసిన మనిషి ఆమె.

మన పైనున్న కొండల్లో ఆ గడ్డిమేటు ఎవరూ వేయకుండానే గూడేల చూరు దాకా పేరుకుపోతోంది. రంపచోడవరం, మారేడుమిల్లి, వై.రామవరం కొండలది ఆకు రాల్చే అడవి. శివరాత్రి వచ్చేసరికి మద్ది, ఏగిస, టేకు చెట్ల కింద చీలమండ మునిగేలా ఎండుటాకు పడి ఉంటుంది. వెదురు పూసి చచ్చిన చోట ఎండు బొంగులు ఒకదాని మీద ఒకటి వాలి ఉంటాయి. వీటన్నిటినీ అల్లుకుని పులికంప. తలంబ్రాల చెట్టని ముద్దుగా పిలుచుకుంటాం, పుస్తకాల్లో లాంటానా. పూలు బాగున్నాయని 1800ల తొలి ఏళ్ళలో కలకత్తా తోటకు తెచ్చిన పరాయి మొక్క ఇది. పశువులు ముట్టవు కాబట్టి దానికి అడ్డులేదు. మనిషెత్తు పొద, పైన పచ్చగా ఉన్నా లోపలంతా ఎండు పుల్లలే.

నేల మంట చాలాసార్లు చెట్టును చంపదు. ఆకు కాల్చుకుంటూ మోకాలెత్తున పోతుంది, మద్ది బెరడు దాన్ని తట్టుకుంటుంది. ఆ మంట పైకెక్కడానికి మెట్లు కావాలి. గడ్డి మీంచి పులికంపకు, కంప మీంచి ఎండు వెదురుకు, అక్కణ్ణించి కొమ్మలకు. ఆ మెట్లు తీసేస్తే మంట నేల మీదే ఉండిపోతుంది, పచ్చి మండలతో కొట్టి ఆర్పడం మనుషుల చేతిలో ఉంటుంది. పైగా నిప్పు వాలులో ఎగువకే పరుగెత్తుతుంది. కింది సెగ పై గడ్డిని ముందే ఎండబెట్టి పెడుతుంది. అందుకే వాలులో ఉన్న గూడేనికి ముప్పు ఎక్కువగా దిగువ నుంచి వస్తుంది.

నేను కొండమీద పంతులుగా చేసిన రోజుల్లో ఒక ఏప్రిల్ రాత్రి ఇది కళ్ళతో చూశాను. సాయంత్రం మంట లోయలో ఎర్రటి దారంలా కనబడింది. భోజనాల వేళకు బడి వెనక పులికంపను అందుకుంది. ఎండు వెదురు కణుపులు తుపాకులు కాల్చినట్టు పేలాయి. ఆడవాళ్ళు చంటిపిల్లలను ఎత్తుకుని వాగులోకి దిగారు. మగవాళ్ళు గడ్డి కప్పుల మీద తడి గోనెలు పరిచారు. మూడిళ్ళు పోయాయి. విత్తనాలకు దాచుకున్న గింజలూ, రెండు మేకలూ, ఒక పిల్లవాడి పుస్తకాల సంచీ పోయాయి. గూడెం అవతలి పక్క ఒక ముసలాయనకు చింతచెట్టు ఉండేది. రాలిన కాయ ఏరుకోవడానికి వీలుగా ఏటేటా దాని చుట్టూ తుప్ప కొట్టి ఊడ్చుకునేవాడు. మంట అక్కడి దాకా వచ్చి, తినడానికేమీ దొరక్క రెండుగా చీలిపోయింది. చెట్టు వెనకున్న ఇళ్ళు నిలిచాయి.

ఈ కరపత్రంలో నేను అడిగేదంతా ఆ ముసలాయన చేసిన పనే. ప్రతి గూడెం చుట్టూ 30 మీటర్ల మేర, దిగువ వాలు వైపు ఇంకా ఎక్కువగా, తుప్ప పలచన చేయాలి. కార్చిచ్చులకు పేరుపడ్డ కాలిఫోర్నియాలో ఇంటి చుట్టూ చట్టం పెట్టిన కొలత 100 అడుగులు, ఇంచుమించు ఇదే. అక్కడ 2018 నవంబరు 8న పారడైజ్ అనే కొండ ఊరు పగటిపూటే తగలబడింది, ఆ మంటల్లో 85 మంది చనిపోయారు. మంట కన్నా గాలికి ఎగిరొచ్చే రవ్వలే ఎక్కువ ఇళ్ళను అంటిస్తాయన్నది అక్కడి వాళ్ళ అనుభవం. కాబట్టి గోడ పక్కన కట్టెల మోపు, చూరు కింద ఎండుటాకు అసలే ఉండకూడదు.

పలచన చేయడమంటే అడవిని గొరగడం కాదు. చింత, జీలుగు, ఇప్ప, మామిడి, అడ్డతీగ, మందుమొక్కలు ఉండాలి. వాగు గట్టున కత్తి పెట్టకూడదు. పోవాల్సింది పులికంప, చచ్చిన వెదురు, నేలకు వంగిన ఎండు కొమ్మలు. పులికంపను పైపైన నరికితే రెండు వానలకు రెట్టింపై లేస్తుంది. నేలకు మూడు నుంచి అయిదు సెంటీమీటర్ల లోపల మూలవేరును కోసి, మొక్కను తలకిందులుగా ఆరబెట్టాలి. ఇది కాయ ముదరకముందే జరగాలి. ఖాళీ అయిన చోట పశువులు మేసే నాటు గడ్డి పెంచాలి, లేకపోతే మళ్ళీ కంపే వస్తుంది.

"తుప్ప పేరుతో చెట్లు కొట్టేస్తారు" అనేవారి భయాన్ని నేను కొట్టిపారేయను. కాంట్రాక్టర్లు కూపుల పేరుతో అడవి నరికిన కాలం చూసినవాళ్ళకు ఆ భయం ఉండాలి కూడా. అందుకే ఈ పని కాంట్రాక్టరు చేతికి పోకూడదంటున్నాను. 1882 మద్రాసు అటవీ చట్టం తరువాత కొండవాడి చేతిలో కత్తి నేరమైపోయింది. 1922లో అల్లూరి వెనక జనం నడవడానికి ఈ అడవి ఆంక్షలూ ఒక కారణం. 2006 అటవీ హక్కుల చట్టం సామూహిక అడవిని కాపాడుకునే హక్కును, అధికారాన్ని గ్రామసభకు తిరిగి ఇచ్చింది. ఏ చెట్టు ఉండాలో, ఏ కంప పోవాలో గ్రామసభే గుర్తు పెట్టాలి, బీట్ ఆఫీసరు పక్కన నిలబడాలి. పాపికొండల నేషనల్ పార్కు హద్దుల్లో వన్యప్రాణి విభాగంతో కూర్చుని ఒప్పందం చేసుకున్నాకే కత్తి ఎత్తాలి.

కర్ణాటక బిళిగిరి కొండల్లో సోలిగ గిరిజనులు వేసవి మొదట్లోనే ఎండుటాకును మెల్లగా, చిన్నమంటతో కాల్చేసేవారు. 1970లలో అభయారణ్యం వచ్చాక దాన్ని ఆపించారు. ఆ తరువాత లాంటానా అడవిని కమ్మేసిందని వాళ్ళలో ముసలివాళ్ళు ఇప్పటికీ చెబుతారు. మన కొండరెడ్లకూ నిప్పు సంగతి మనకన్నా బాగా తెలుసు. పోడు నిప్పు చెయ్యి జారిన సందర్భాలు లేవనను. కానీ ప్రతి మంటకూ పోడు రైతునే దోషిని చేస్తే ఇప్పపూల కోసం నేల తగలబెట్టేవారినీ, తునికాకు కొత్త చిగురు కోసం అంటించేవారినీ, సెలవు రోజున రాజమండ్రి, కాకినాడ నుంచి కార్లలో వెళ్ళే మనల్నీ వదిలేసినట్టే. బొంగు చికెన్ కాల్చిన పొయ్యి ఆర్పకుండా బండెక్కే మిత్రులారా, 2018 మార్చిలో తమిళనాడు కురంగణి కొండ మీద మంటల్లో చిక్కుకుని 23 మంది చనిపోయారు. మారేడుమిల్లి వైపు మీరు ఎక్కే గుడిస కొండ మీద ఉన్నదీ గడ్డే.

డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఉపగ్రహాలతో మంటల ఆనవాళ్ళు పట్టి ఫోన్లకు కబురు పంపుతుంది. 2023–24 సీజన్‌లో మన రాష్ట్రంలోనే 18 వేలకు పైగా ఆనవాళ్ళు లెక్కతేలాయి. కబురు మంచిదే, కానీ అది మంట పుట్టాక వచ్చేది. తుప్ప కొట్టేది అంతకుముందు. ఉత్తరాఖండ్ 2024లో ఎండు పైన్ ఆకును ఏరి తెచ్చినవారికి కిలోకు 50 రూపాయలిస్తామంది. మన దగ్గర ఉపాధి పనుల కిందో, వన సంరక్షణ సమితుల నిధులతోనో తుప్ప కొట్టిన ప్రతి రోజుకూ కూలి గట్టాలి. కొండవాళ్ళను ఉచితంగా చాకిరీ చేయమనే హక్కు మనకు లేదు. సోలిగలు లాంటానా కర్రతో కుర్చీలు, బల్లలు చేసి అమ్ముతున్నారు. ఆ పని ఇక్కడా నేర్పించవచ్చు.

కొండ కింద ఉన్నవాళ్ళకు ఇందులో ఏముందంటారా? కాలిన వాలు మీద తొలకరి పడితే ఆ మట్టి సీతపల్లి వాగులోకి, అక్కణ్ణించి భూపతిపాలెం జలాశయంలోకి దిగుతుంది. ఆ పూడిక కింద పోయేది ఆయకట్టు రైతు నీళ్ళే.

కార్తీకంలోనే గ్రామసభలు కూర్చోవాలి. గూడెం చుట్టూ నడిచి హద్దు గీసి, కూలి అంచనాతో తీర్మానం రాసి ఐటీడీఏ ప్రాజెక్టు అధికారికి, అటవీ రేంజి అధికారికి చెరొక ప్రతి ఇచ్చి రసీదు తీసుకోవాలి. సంక్రాంతికల్లా పని ముగియాలి. డెల్టాలో ఈ కాగితం అందుకున్నవారు దీన్ని మీ శాసనసభ్యుడికి చూపించి, మన్యంలో ఎన్ని గూడేలకు కూలి మంజూరైందో అడగండి. పేరుపేరునా అడగండి.