చెమటకు మాటలు చాలా, చెంబెడు నీళ్లు ఏవీ?

తెలుగువాడికి చెమట అనే మాటకు కొదవ లేదు. ఎండనపడి వచ్చినవాడికి పట్టేది చెమట. జ్వరం దిగేటప్పుడు పట్టేదీ చెమటే. “చెమట పోసింది, ఇక భయం లేదు” అని ఇంట్లో పెద్దావిడ ధైర్యం చెబుతుంది. బోనెక్కిన సాక్షికి పట్టేవి ముచ్చెమటలు. వేసవిలో పసిపిల్లల మెడచుట్టూ పేలేవి చెమటకాయలు. కొత్త కుండ చెమరుస్తుంది. కూతుర్ని అత్తవారింటికి సాగనంపేటప్పుడు తండ్రి కళ్లూ చెమరుస్తాయి.

పండితులు దీన్నే స్వేదం అన్నారు. పేలు, నల్లులు చెమటలోంచి పుడతాయని తలచి, పూర్వం వాటికి స్వేదజాలు అని పేరు పెట్టారు. పేను ఈపిలోంచి పుడుతుందని ఇప్పుడు బడిపిల్లలకు కూడా తెలుసు. మైరావణ కథ విన్నవారికి మత్స్యవల్లభుడు గుర్తుంటాడు. హనుమంతుడి చెమటచుక్కను చేప మింగగా పుట్టినవాడు ఆయన. బైబిలులో ఆదాముకు పడిన శిక్ష చెమటోడ్చి తిండి సంపాదించుకోవడం. కూలివాడి ఒంటిమీద చెమట ఆరకముందే కూలి ఇచ్చెయ్యాలని ప్రవక్త చెప్పినట్టు ముస్లిం సోదరులు చెబుతారు. గుడికి వెళ్లేవారికీ, చర్చికి వెళ్లేవారికీ, మసీదుకు వెళ్లేవారికీ చెమట కష్టానికి గుర్తే.

ఇక సభల సంగతి సరేసరి. మేడే వచ్చినా, ఎన్నికలు వచ్చినా వేదిక ఎక్కినవారి నోట “మీ చెమట చుక్కే దేశానికి వెన్నెముక” అనే మాట రాకుండా ఉండదు. చప్పట్లు మోగుతాయి. కాని ఆ చుక్క ఒంటిలోంచి పోతే ఏమవుతుందో, పోయినదాన్ని ఎవరు పూడ్చాలో చెప్పేవారు అరుదు. ఈ వ్యాసం ఆ సంగతి చెప్పడానికే.

కుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయో చూడండి. కుండ పైకి చెమర్చిన తడి గాలికి ఆరుతూ లోపలి వేడిని పట్టుకుపోతుంది. మన ఒళ్లూ అంతే. చర్మం కింద 20 నుంచి 40 లక్షల దాకా స్వేదగ్రంథులు ఉంటాయి. ఒక లీటరు చెమట ఆరితే దాదాపు 580 కిలో కాలరీల వేడి ఒంటిలోంచి పోతుంది. ఎనిమిది లీటర్ల నీళ్లను మరిగేదాకా కాచగలిగినంత వేడి అది. ఎండలో గట్టిగా పనిచేసేవారికి గంటకు లీటరు చెమట పోవడం వింత కాదు. అందులో నీళ్లతోపాటు ఉప్పూ పోతుంది. సాయంత్రానికి చొక్కామీద కట్టే తెల్లచారలు ఆ ఉప్పువే.

కారి నేలరాలిన చెమట ఒంటిని చల్లబరచదు. ఆరిన చెమటే చల్లబరుస్తుంది. రేపల్లె, నిజాంపట్నం వైపు సముద్రపు తేమకు చెమట ఆరదు కనుక తక్కువ ఎండకే ప్రాణం ఉక్కిరిబిక్కిరి అవుతుంది. మన పల్నాడులో పొడిగాలికి చెమట పట్టినట్టే తెలియకుండా ఆరిపోతుంది. ఎంత పోయిందో తెలియక మనవాళ్లు మోసపోతారు.

వేసవి వస్తే వార్తల్లో రెంటచింతల పేరు వినని ఏడు లేదు. ఆ ఎండల్లోనే మిర్చి కోతల చివరి విడత సాగుతుంది. ఆ ఎండల్లోనే పిడుగురాళ్ల సున్నపు బట్టీల దగ్గర మనుషులు మంటకు ఎదురుగా నిలబడతారు. గుంటూరు యార్డులో హమాలీలు మిర్చి టిక్కీలు వీపునేసుకుని పరుగులు పెడతారు. ఘాటుకు కళ్లు, చెమటకు ఒళ్లు మండిపోతూనే ఉంటాయి.

2003 వేసవిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యిమందికి పైగా వడదెబ్బకు బలయ్యారు. 2015 మే నెలలో దేశం మొత్తం మీద రెండువేల మందికి పైగా పోతే, వారిలో ఎక్కువమంది రెండు తెలుగు రాష్ట్రాలవారే. పొలంలో పడిపోయిన కూలీని “గుండె ఆగింది” అని ఇంటికి చేర్చి దహనం చేసిన ఇళ్లవారి సంగతి లెక్కలకు ఎక్కదు.

“మా తాతలు ఈ ఎండలోనే చెయ్యలేదా?” అనేవారున్నారు. చేశారు. అయితే కోడికూతకు పొలంలో దిగి, పొద్దెక్కగానే చద్దన్నం తిని, ఎండ ముదిరాక చెట్టుకింద చేరేవారు. చద్దిలో ఉప్పూ నీళ్లూ రెండూ ఉండేవి. ఇప్పుడు గట్లమీద చెట్లు కొట్టేశాం. ఆటో వచ్చేసరికి పొద్దెక్కుతుంది. కాయ కిలో లెక్కన కోసే చోట ఆగితే కూలి పోతుందని ఎవరూ ఆగరు.

మరొక మాట. చేలో మరుగు ఉండదు కనుక చాలామంది ఆడకూలీలు పొద్దుటి నుంచి నీళ్లు తాగడమే మానుకుంటారు. నీళ్ల బిందె పక్కనే ఉన్నా ముట్టరు. ఇది వారి తప్పు కాదు. నాలుగు కర్రలు పాతి చుట్టూ పట్టా కట్టించడానికి రైతుకు ఎంతవుతుంది?

వడదెబ్బ గుర్తులు ఇంటింటా తెలియాలి. తల తిరగడం, వాంతి, కండరాలు పట్టెయ్యడం మొదటి హెచ్చరికలు. మాట తడబడినా, మనిషి తికమకగా మాట్లాడినా, ఒళ్లు కాలిపోతున్నా అది ప్రాణాపాయం. కొందరికి చెమట పూర్తిగా ఆగిపోతుంది. కష్టం చేస్తున్నవారికి చెమట కారుతుండగానే కూడా వడదెబ్బ తగలవచ్చు. వెంటనే నీడకు చేర్చి, ఒంటినిండా నీళ్లు పోసి, విసురుతూ ఉండాలి. 108కి ఫోను చెయ్యాలి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పొయ్యరాదు.

ముందుజాగ్రత్తకు పెద్ద ఖర్చు లేదు. ఉప్పు వేసిన మజ్జిగ, గంజి చాలు. లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు కలిపితే ఇంట్లోనే మందు తయారు. దాహం వేసేదాకా ఆగకుండా మధ్యమధ్య తాగాలి. ఎండకు ఒళ్లు అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. కనుక పై ఊళ్లనుంచి కొత్తగా వచ్చిన కూలీలకు మొదటి రోజుల్లో పని తగ్గించాలి.

2005 నాటి ఉపాధి హామీ చట్టంలోనే పనిచోట తాగునీరు, నీడ, ప్రథమచికిత్స పెట్టె ఉండాలని, 15 రోజుల్లో కూలి అందాలని రాశారు. ఎన్ని గట్లమీద అవి కనిపించాయో కూలికి వెళ్లినవారికే తెలుసు. పథకాల పేర్లు మారుతుంటాయి. కూలీ చెమట మారదు.

కనుక అధికారులు వేసవి పనులు తెల్లవారుజామున మొదలుపెట్టించి ఎండ ముదిరేలోగా ముగించాలి. పంచాయతీలు పొలం దారుల్లో చలివేంద్రాలు పెట్టించాలి. యార్డులోను, బట్టీల దగ్గర నీడ, నీళ్లు, మరుగు ఉన్నాయో లేదో కార్మికశాఖవారు ఏప్రిల్ లోపే చూడాలి. రైతులు గట్టుకు రెండు వేపమొక్కలైనా నాటాలి.

కూలీ ఒంటిలోంచి పోయిన నీరు, ఉప్పు ముందు తిరిగివ్వండి. కూలి డబ్బు వేళకు ఇవ్వండి. ఆ తరవాత చెమట విలువ గురించి ఎంతసేపు ఉపన్యసించినా వింటాం.