మీటరు కనపడదు, బిల్లు మాత్రం వస్తుంది

మొన్నామధ్య మా ఆఫీసులో ఓ మీటింగు జరిగింది. మామూలుగా మా మీటింగులకి డైరెక్టరు గారు రారు. ఆ రోజు వచ్చారు. తెరమీద ఓ గ్రాఫు పెట్టారు. నెలల తరబడి నేలమీద పాకుతూ వచ్చిన గీత చివర్లో తాటిచెట్టులా పైకి లేచింది. అది మా టీము క్లౌడు బిల్లు. "ఇది ఎవరు చేశారు?" అన్నది ఆయన మొదటి ప్రశ్న.

చేసింది కాలేజీ నుంచి వచ్చి ఏడాది కూడా కాని కుర్రాడు. టెస్టింగు కోసం గంటకోసారి ఎస్3 నుంచి 50 జీబీ డేటా తెచ్చుకునే స్క్రిప్టు రాశాడు. స్క్రిప్టు శుభ్రంగా పనిచేసింది కూడా. కాకపోతే మా టెస్టు సర్వర్లు ప్రైవేటు నెట్‌వర్కులో ఉన్నాయి, ఆ డేటా అంతా నాట్ గేట్‌వే గుండా వచ్చింది. అమెరికా తూర్పు రీజియన్లో దాని అద్దె గంటకి నాలుగున్నర సెంట్లు. అది కాక, దాని గుండా పోయే ప్రతి జీబీకి ఇంకో నాలుగున్నర సెంట్లు. సెంట్లే కదా అనిపిస్తుంది. 50 ని 24 తో, దాన్ని 30 తో హెచ్చవేసి చూడండి. 36,000 జీబీ, 1,620 డాలర్లు. మన డబ్బుల్లో నెలకి లక్ష పైమాటే. అలా రెండు నెలలు నడిచింది. తమాషా ఏంటంటే, అదే రీజియన్లో ఉన్న ఎస్3 కి గేట్‌వే ఎండ్‌పాయింటు పెట్టుకుంటే ఆ దారికి పైసా ఖర్చు లేదు. పట్టుమని పది నిమిషాల పని.

కుర్రాడు తలదించుకుని కూర్చున్నాడు. ఆ స్క్రిప్టు రివ్యూ చేసి ఓకే కొట్టింది నేనే. ఆ ముక్క మీటింగులో చెప్పడానికి నాకు నోరు రాలేదు. సాయంత్రం టీ దగ్గర వాడికి సారీ చెప్పాను. "పర్లేదన్నా" అన్నాడు. అది ఇంకా గుచ్చుకుంది.

సరే, అసలు విషయానికొస్తే, నాకు గానీ వాడికి గానీ బిల్లు ఎప్పుడు కనపడింది గనక? మేం బిల్లింగు పేజీ తెరిస్తే అనుమతి లేదు పొమ్మంటుంది. అది ఫైనాన్సు వాళ్ళకే. వాళ్ళకేమో నాట్ గేట్‌వే అంటే ఏంటో తెలీదు, తెలియాల్సిన పనీ లేదు. మా ఇంట్లో కరెంటు మీటరు వీధి గుమ్మం పక్కనే ఉండేది. బిల్లు రాగానే నాన్న అందరికీ వినపడేలా చదివేవారు. ఎవరూ లేని గదిలో ఫ్యాను తిరిగితే అమ్మ ఊరుకునేది కాదు. ఏ సర్టిఫికేషనూ చెయ్యకుండానే ఆవిడ చేసిన ఆ పనికి ఇప్పుడు ఫినాప్స్ అని పేరు పెట్టి కోర్సులమ్ముతున్నారు.

ఇంతకీ ఆ మీటింగు ఫలితం ఏంటనుకున్నారు? ఇకమీదట కొత్త సర్వరు కావాలంటే టికెట్టు పెట్టాలి, మేనేజరు ఓకే అనాలి, ఆపైన డైరెక్టరు ఓకే అనాలి. తక్కువలో తక్కువ మూడు రోజులు. దాంతో ఉన్న సర్వర్లు ఆపడమే మానేశారు అందరూ. మళ్ళీ కావాలంటే ఎవడు తిరుగుతాడు చెప్పండి? వచ్చే నెల బియ్యం దొరకవంటే బస్తాలు దాచుకోమూ?

వారానికి 168 గంటలు. రోజుకి పది గంటల చొప్పున ఐదు రోజులు పనిచేస్తామనుకున్నా 50. మిగతా 118 గంటలు మన డెవలప్‌మెంటు సర్వర్లు ఎవరికోసం తిరుగుతున్నట్టు? రాత్రి ఆపి పొద్దున్న లేపే షెడ్యూలు పెడితే గంటల అద్దెలో 70 శాతం మిగులుతుంది. (డిస్కుల అద్దె మాత్రం సర్వరు ఆపినా ఆగదు, అది వేరే మీటరు.) అనుమతులు పెట్టాక ఆ షెడ్యూలుకి కూడా ఎవరూ ఒప్పుకోవట్లేదు.

బడ్జెట్ అలర్టు పెట్టుకోవచ్చుగా అంటారేమో. పెట్టుకోవాలి. కానీ అది హారను లాంటిది, మోగుతుందే గానీ బండి ఆగదు. ఎ.డబ్ల్యు.ఎస్. లో బడ్జెట్ లెక్క రోజుకి మహా అయితే మూడుసార్లు, 8 నుంచి 12 గంటల తేడాతో మారుతుంది. గూగుల్ క్లౌడులోనూ బడ్జెట్ పెట్టినంత మాత్రాన వాడకం ఆగదని వాళ్ళే రాసిపెట్టారు. రాత్రి పదింటికి మొదలైన తప్పు మనం పొద్దున్న టిఫిను చేసేదాకా పరిగెడుతూనే ఉండొచ్చు. పైగా మా అలర్టు మెయిలు ఎవరికి పోతోందో తెలుసా? ఏడాది క్రితం ఉద్యోగం మానేసి వెళ్ళిపోయినాయనకి!

ఇంజనీర్లకి బిల్లు చూపిస్తే పని మానేసి పైసలు లెక్కెట్టుకుంటూ కూర్చుంటారని ఒక సీనియరు వాదన. కొట్టిపారెయ్యలేను. 2024 ఫిబ్రవరి నుంచి ఎ.డబ్ల్యు.ఎస్. లో ప్రతి పబ్లిక్ ఐపీవీ4 అడ్రసుకీ గంటకి అర సెంటు పడుతోంది. అలాంటిదొకటి తీసెయ్యడానికి మేం ఇద్దరం రెండు రోజులు కుస్తీపట్టి నెలకి మూడున్నర డాలర్లు మిగిల్చాం. మా రెండు రోజుల జీతం ఎంతో మాత్రం అడక్కండి. అయినా సరే, ఏం పెరుగుతోందో మర్నాడే కనపడితే ఆ స్క్రిప్టు రెండు నెలలు నడిచేది కాదు.

నెల రోజులు వెంటపడితే చూడ్డానికి మాత్రం పనికొచ్చే అనుమతి ఇచ్చారు. నేనూ ఆ కుర్రాడూ కూర్చుని చిన్న ప్రోగ్రాము రాశాం. రోజూ పొద్దున్న పదింటికి ముందురోజు ఖర్చు, ఏ సర్వరు ఎవరిదో ఆ పేరుతో సహా, టీము చాటులో వచ్చి పడుతుంది. మొదటి రోజు జాబితాలో పైనున్న పేరు నాదే. పోయిన దసరాకి ముందు ఏదో ప్రయోగానికి లేపి మర్చిపోయిన పెద్ద మెషీను. ఆ గ్రాఫులో నేలమీద పాకే గీత అన్నానే, అందులో కొంత ఎత్తు నాదన్నమాట.

"అన్నా, ఇది ఆపెయ్యనా?" అనడిగాడు కుర్రాడు.